మేడ మీద ముగ్గేసిన ఓడ

విమానాలు మోసే యుద్ధనౌకను ‘తేలే నగరం’ అని పేపర్లో ఎవరైనా రాస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నగరం సంగతి నాకు తెలుసు, జీవితంలో ఎక్కువ భాగం ఢిల్లీలోనే గడిపాను. నగరంలో ఎవడికి తోచింది వాడు కట్టుకుంటాడు. బాల్కనీకి గోడ పెట్టి గది చేస్తాడు, మెట్ల కింద స్కూటరు పెడతాడు, ఇదేమిటని అడిగితే ‘అడ్జస్ట్ కర్ లో భయ్యా’ అంటాడు. ఓడలో ఆ మాట చెల్లదు. అక్కడ విమానాలను పైకి తెచ్చే లిఫ్టును కాస్త ఇటు జరిపితే విమానాలు నిలబెట్టుకునే చోటు పోతుంది. అటు జరిపితే తుఫానులో కెరటం లోపలికి కొడుతుంది. ప్రతి అడుగు వెనకా ఒక తగాదా, ప్రతి తగాదా వెనకా ఒక ఖర్చు. ఆ తగాదాలు చదవడమంటే నాకు ప్రాణం.

నా చదువు కాకినాడలో ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నాకు నేనే మేష్టరు, నాకు నేనే విద్యార్థి. ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్స్ సెక్షన్‌లో గుమాస్తాగా చేరి, టెండరు కాగితాల పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ సెక్షన్‌లో నాకు అబ్బిన జ్ఞానం ఒకటే: కొన్న ధర వేరు, ఉంచుకునే ధర వేరు. ఒకసారి మా ఆఫీసుకు విదేశం నుంచి కాపీలు తీసే యంత్రం కానుకగా వచ్చింది. ఊరికే వచ్చిందని పైవాళ్ళు దండ వేసి ఫోటో దిగారు. దానికి ఏసీ గది కట్టాలి. దానికి పోసే పొడి ఆ దేశం నుంచే రావాలి. అది మొరాయిస్తే బొంబాయి నుంచి మెకానిక్కు విమానంలో దిగాలి. ఊరికే వచ్చిన యంత్రం మా సెక్షన్‌కు రావలసిన కుర్చీలనూ కూలర్లనూ ఏళ్ళ తరబడి తింటూ కూర్చుంది. అప్పటినుంచి ‘ఊరికే’ అన్న మాట వినపడితే నేను కళ్ళజోడు పెట్టుకుంటాను.

రిటైరయ్యాక మయూర్ విహార్‌లో ఒక హౌసింగ్ సొసైటీ ఫ్లాటులో స్థిరపడ్డాం, నేనూ మా ఆవిడా. ఆదివారం వస్తే బస్సెక్కి దర్యాగంజ్ వెళ్ళేవాణ్ణి. అక్కడ ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఏ రాయబార కార్యాలయంలోంచో తూకానికి అమ్మేసిన విదేశీ నౌకా పత్రికలు ఒక మూల కుప్ప పోసి ఉండేవి. ఆ కుప్ప నాది. అమ్మేవాడు కూడా నన్ను చూడగానే ‘ఆవో జహాజ్‌వాలే బాబూజీ’ అనేవాడు, ఓడల బాబుగారూ రండి అని. తొంభైల చివర్లో విమానాలు మోసే మన పాత ఓడ ఒకటి సేవ చాలించింది. ఒక పరాయి దేశం తన పాత ఓడను దాదాపు ఊరికే ఇస్తామంటోందని పేపర్లు రాయడం మొదలుపెట్టాయి. నా కళ్ళజోడు అప్పుడు ముక్కు మీదనుంచి దిగనేలేదు.

అలాంటి ఒక ఆదివారం నేను ఒక పత్రిక మీద చెయ్యి వేశాను. అట్ట మీద ఓడ పైభాగం, పెద్ద డెక్కు, దాని మీద రెక్కలు ముడుచుకున్న విమానాలు. నాతోపాటు ఇంకో చెయ్యి కూడా దాని మీద పడింది. పాతికేళ్ళు దాటిన అమ్మాయి, భుజాన గుడ్డసంచి. నేను హిందీలో వదలమన్నాను. ఆవిడ హిందీలోనే వదలనంది. ‘దిక్కుమాలిన బేరం’ అని నేను తెలుగులో గొణుక్కున్నాను. ఆవిడ నవ్వింది.

“మీరు తెలుగువారా అంకుల్?”

అంకుల్ అంటే నాకు పడదని చెప్పాను. ఈ ఊళ్ళో కూరగాయలవాడి దగ్గర్నుంచి కరెంటు మీటరు చూసేవాడి దాకా అందరికీ అంకుల్‌నే. తెలుగులో పిలవడానికి పిలుపులే లేనట్టు. అయితే బాబాయిగారూ అంటానంది. సరేనన్నాను. బాబాయినయ్యాను కనక అడిగే హక్కు వచ్చింది. ఈ పత్రిక నీకెందుకమ్మా అని అడిగాను. ఓడల గురించి చదవడం తన హాబీ అంది. అట్ట మీద బొమ్మ చూపించి, ఈ డెక్కు ఎందుకిలా ఓ పక్కకు వంకరగా ఉందో చెప్పమన్నాను. ఆ పిల్ల బొమ్మ వంక చూసింది, నా వంక చూసింది. ముఖంలో రంగు పోయింది.

“నాకేటీ తెలీదు బాబాయిగారూ. తెలీదనే కొంటున్నాను.”

పక్కనున్న బండి దగ్గర టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. ఆవిడది విశాఖపట్నం. అక్కడ బ్యాంకులో ఉద్యోగం. జీతం లేని సెలవు పెట్టి, పరీక్షల పిల్లలుండే బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. ఇది ఆఖరి అటెంప్టు. ఇన్నాళ్ళూ రాతపరీక్ష దగ్గరే ఆగిపోయిన పిల్లకు ఈసారి మొదటిసారి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అయితే దరఖాస్తులో హాబీ అని ఒక గడి ఉంటుంది. బేర్ సరాయ్‌లో మన తెలుగు సీనియర్లది ఒక సిద్ధాంతం: పుస్తక పఠనం, సంగీతం, తోటపని అని రాస్తే బోర్డు ఆవలిస్తుంది, ఎవరూ రాయనిది రాయాలి, అప్పుడు వాళ్ళు దాని గురించే అడుగుతారు, మనం అదొక్కటే బట్టీ పట్టుకుని వెళ్ళొచ్చు. ఈ సలహా ఇచ్చిన సీనియరు తన గడిలో పావురాల పెంపకం అని రాశాట్ట. అతను ఎంతవరకు వెళ్ళాడని అడిగితే, పావురాలకు ఏ రోగాలు వస్తాయని బోర్డు అడిగిందనీ, ఆ ఏడాది వెనక్కి వచ్చేశాడనీ చెప్పింది. అయినా ఆ సిద్ధాంతం మాత్రం బేర్ సరాయ్‌లో చెక్కుచెదరలేదు. మనవాళ్ళింతే. మందు పనిచెయ్యకపోతే మోతాదు పెంచుతారు.

విశాఖ బీచిలో కూర్చుంటే ఓడలు కనపడతాయి కదా అని ఈ పిల్ల ‘విమాన వాహక నౌకల అధ్యయనం’ అని రాసి పంపింది. ఇప్పుడు పిలుపు వచ్చింది, గడిలో రాసింది చెరపడానికి లేదు. ఎప్పుడైనా అలాంటి ఓడ ఎక్కావా అని అడిగాను. చిన్నప్పుడు ఒకసారి పెద్ద ఓడ వచ్చిందట, నేవీ డే నాడు జనాన్ని ఎక్కనిచ్చారట, క్యూలో నిలబడి నిలబడి తమ వంతు వచ్చేసరికి గేటు మూసేశారట.

నాకు కోపం వచ్చింది. తెలియనిదాన్ని హాబీ అని రాస్తారా అని అక్కడే, ఆ టీ బండి ముందే చెడామడా కేకలేశాను. ఆ పిల్ల తల వంచుకుని విన్నది గాని పత్రిక మాత్రం వదల్లేదు. ఆ పట్టు చూసి, మా ఇంటికి రమ్మన్నాను.

మా ఆవిడకు ఆ పిల్ల మొదటి పెసరట్టుకే నచ్చేసింది. అప్పటినుంచి వీలైనప్పుడల్లా రెండు బస్సులు మారి వచ్చేది. భోజనాల బల్ల మీద చపాతీ పీట పెట్టి, అగ్గిపుల్లల విమానాలతో నా పాఠం మొదలయ్యేది. ఓడంటే ఏమిటని కాదు, ఓడ కట్టేవాడు ఏం ఎంచుకోవాలి, ఎంచుకుంటే ఏం వదులుకోవాలి అన్నది నా పాఠం. విమానాన్ని అంత చిన్న డెక్కు మీంచి గాల్లోకి పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి క్యాటపుల్టు. ఆవిరి బలంతో, వడిసెలతో రాయి విసిరినట్టు విసిరే యంత్రం అది. బరువైన విమానాన్నయినా నిండా ఇంధనంతో, నిండా ఆయుధాలతో విసురుతుంది. కాని దానికి బాయిలర్లు కావాలి, పైపులు కావాలి, చూసుకోవడానికి మనుషులు కావాలి, ఇవన్నీ పట్టే పెద్ద ఓడ కావాలి. రెండోది, డెక్కు కొసను పైకి వంచెయ్యడం. విమానం తన బలంతోనే పరుగెత్తి ఆ వంపు మీంచి గాల్లోకి లేస్తుంది. యంత్రం లేదు కనక చెడేది లేదు, ఖర్చు తక్కువ. కాని బరువు తగ్గించుకోవాలి. ఇంధనం నిండా పోస్తే బాంబులు తగ్గించాలి, బాంబులు నింపితే దూరం తగ్గించాలి. ఆకాశంలో చాలాసేపు ఉండి దూరం నుంచి వచ్చేవాణ్ణి చూసే పెద్ద రాడారు విమానం ఆ వంపు మీంచి లేవనే లేవదు.

నేను క్యాటపుల్టు పక్షం. ఆ మాట దాచుకోలేదు. పెద్ద ఓడకు ఖర్చెక్కువ అని ఏడ్చేవాళ్ళను చూస్తే జాలి నాకు. ఇల్లు కట్టినవాణ్ణి అడగండి, గోడలు కాదు, లోపల పెట్టే సామాను అసలు ఖర్చు. ఓడ పొట్ట పెద్దది చేసినంత మాత్రాన దాని రాడార్లూ ఇంజన్లూ అంతంత పెరగవు. ఆ పొట్టలో పట్టే విమానాలు మాత్రం పెరుగుతాయి. ఇదీ నా వాదం.

చపాతీ పీట మీద చెప్పినంత కాలం ఆ పిల్లకు కొలతలు మనసుకెక్కలేదు. దిగే విమానం ఎంత దూరంలో ఆగుతుందో, దాని పక్కన ఇంకోటి ఎలా లేస్తుందో కళ్ళకు కట్టడం లేదంది. ఒకరోజు నీళ్ళ ట్యాంకు చూడటానికి నాతో మేడ మీదకు వచ్చి, ఆ పొడుగాటి సిమెంటు గచ్చు చూసి, ముగ్గు వేద్దామా బాబాయిగారూ అంది.

ఇక్కడ మా ఆవిడ ముగ్గుపిండి గురించి చెప్పాలి. ఢిల్లీలో దొరికే సున్నం వేళ్ళ సందులోంచి సరిగ్గా జారదని, కాకినాడ వెళ్ళినప్పుడల్లా ఒక సంచి ముగ్గుపిండి రైల్లో బెర్తు కింద పెట్టుకుని తెచ్చేది. దాన్ని పండగలకు చిటికెలు చిటికెలుగా వాడేది. ఆ సంచి అడిగితే ఆవిడ నా వైపు చూసిన చూపు ఏ ఆర్థిక శాఖా ఏ నౌకాదళం వైపూ చూసి ఉండదు.

“ఓడకి ముగ్గుపిండా? యుద్ధానికి వెళ్ళేది మీరు, ఖర్చు నాదానండీ?”

కాని ఆ పిల్ల ఆఖరి అటెంప్టు అన్న సంగతి ఆవిడకూ తెలుసు. సంచి ఇచ్చింది, ఇచ్చి తనూ మేడెక్కింది. ఒక బారుకు ఇన్ని గజాలని లెక్క పెట్టుకుని ఇద్దరూ చుక్కలు పెట్టారు. నేను పత్రిక పట్టుకుని చెబుతుంటే వాళ్ళు గీత లాగారు. ముందు ఓడ అంచు, తర్వాత దాని మీద ఏటవాలుగా దిగే దారి, పక్కన లిఫ్టు, ముక్కు దగ్గర రెండు క్యాటపుల్టు గీతలు. మా ఆవిడ గీసిన గీత ఓడ కట్టే ఇంజనీరు గీతలా ఉంది. దారి ఎందుకు ఏటవాలుగా ఉందో ఆ రోజు ఆ పిల్లకు నేను చెప్పకుండానే తెలిసింది. తిన్నగా దిగితే ముందు నిలబెట్టిన విమానాల మీదకు పోతుంది, ఏటవాలుగా దిగితే పట్టు తప్పినా ఖాళీ సముద్రం మీదకు పోతుంది. మేడ మీద ఆ దారికి అడ్డంగా మా బ్లాకు వాళ్ళ బట్టల దండేలున్నాయి. దిగే విమానం తోక కొక్కేన్ని పట్టుకుని ఆపే తీగలు అవే అన్నాను. మా ఆవిడ లంగా ఒకటి తీగకు చిక్కిన విమానంలా వేలాడుతోంది.

మా పై అంతస్తులో నౌకాదళం నుంచి రిటైరైన కమాండర్ గారు ఉండేవారు. డెహ్రాడూన్ వైపు మనిషి. వయసులో పాత ఓడ మీంచి విమానం నడిపినవారు. ఆయనకూ నాకూ మెట్ల మీద పలకరింపులు తప్ప పడేది కాదు. ఒకసారి సొసైటీ మీటింగులో లిఫ్టు గురించి నేను ఓడ లిఫ్టును ఉదాహరణగా చెబితే, పత్రికలు చదివితే సముద్రం తెలియదని అందరి ముందూ నవ్వారు. అది నేను మరిచిపోలేదు. ఆ సాయంత్రం మేడ మీద ఎవరో పిండి పోశారని సొసైటీ సెక్రటరీ ఫిర్యాదు చేస్తే, పై అంతస్తు మనిషి కనక ఆయన చూడ్డానికి పైకి వచ్చారు. నేను తగాదాకు సిద్ధమయ్యాను.

ఆయన గుమ్మంలో ఆగిపోయారు. కాసేపు ఆ ముగ్గు వంక చూశారు. తర్వాత చెప్పులు విడిచి, ముగ్గు చెరక్కుండా ఓడ వెనక వైపుకు నడిచి వెళ్ళి, ఏటవాలు దారి మీద మెల్లగా దండేల దాకా వచ్చి నిలబడ్డారు. ఈ తీగ ఇంకాస్త వెనక్కి ఉండాలి అన్నారు హిందీలో. ఆ పిల్ల ఎవరో, ఎందుకిదంతానో నేను చెప్పాను. ఆయన ఆ పిల్లను పక్కన నిలబెట్టుకుని, దిగేటప్పుడు ఏం చేస్తారో చెప్పారు. చక్రాలు డెక్కును తాకగానే పైలట్ ఇంజన్‌కు పూర్తి బలం ఇస్తాడట. ఆగడానికి దిగుతూ పూర్తి బలం ఎందుకని ఆ పిల్ల అడిగింది.

“తార్ న మిలీ తో?” అన్నారాయన. తీగ దొరక్కపోతే మళ్ళీ గాల్లోకి లేవాలి, అప్పుడు బలం తెచ్చుకోవడానికి వ్యవధి ఉండదు. “రోక్‌నా తార్ కా కామ్ హై బేటీ, తుమ్హారా నహీ.” ఆపడం తీగ పని, నీ పని కాదు అని.

ఆ మాట ఏ పత్రికలోనూ నేను చదివి ఉండలేదు. ఆయన కొలతల్లో తప్పులు నేను రెండు పట్టుకున్నాను, ఆయన ఒప్పుకున్నారు కూడా. ఆ సాయంత్రం నుంచి మాకు స్నేహం. ముగ్గు మీద ఎవరూ నడవకుండా సెక్రటరీతో మాట్లాడింది ఆయనే.

ఇంటర్వ్యూ దగ్గర పడుతుంటే మా ముందుగదిలో ఉత్తుత్తి బోర్డు పెట్టాం. కమాండర్ గారు అధ్యక్షులు, నేనొక సభ్యుణ్ణి, మా ఆవిడ ఇంకో సభ్యురాలు. ఆయనా నేనూ మా మా ప్రశ్నలన్నీ అడిగాం. అణు ఇంజనుంటే ఓడకు ఇంధనం అక్కర్లేదు కదా, మరి విమానాలకు కావద్దా? నిట్టనిలువుగా దిగే విమానాలకు తీగలే అక్కర్లేదు కదా, మరి అవి మోసే బరువెంత? ఆ పిల్ల అన్నింటికీ జవాబు చెప్పింది. నాకు గర్వంగా ఉంది. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తన ప్రశ్న అడిగింది. ఈ ఓడ రిపేరుకు వెళ్ళదా? వెళ్ళినప్పుడు ఏం చేస్తారు? మన మిక్సీ రిపేరుకిస్తే నేను రుబ్బురోలు తీస్తాను, సముద్రంలో రుబ్బురోలు ఏది?

ఆ పిల్ల ఆలోచించుకుని చెబుతానంది.

మళ్ళీ వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని, ఎవరూ అడక్కముందే చెప్పింది. తనైతే ఒక పెద్ద ఓడ కొనదట. వంపు డెక్కు ఉన్న చిన్నవి రెండు కొంటుందట. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్ని రోజులు నేను నేర్పిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి అన్నాను.

“మీరు నేర్పిందే బాబాయిగారూ. కొన్న ధర కాదు, ఉంచుకునే ధర చూడమన్నారు. చూశాను. మా ఊళ్ళో పుట్టి పెరిగాను, ఓడలు సముద్రం మీద కంటే రిపేరు డాకులో ఉండటమే ఎక్కువ చూశాను. ఒక్క ఓడే ఉంటే, అది డాకులో ఉన్నన్నాళ్ళూ మనకు ఓడ లేనట్టే కదండీ.”

చిన్న ఓడకు రాడారు విమానం ఉండదు, రెండు గుడ్డి ఓడల కంటే చూపున్న ఒక్కటి నయం అన్నాను. నిజమేనంది. హెలికాప్టరుకు రాడారు కడతారని మీ పత్రికలోనే ఉంది, అది చాలదు, కాని అసలు ఓడే లేని రోజు కంటే నయమంది. నేను గొంతు పెంచాను. నాది మొండితనం కాదు, భయం. బోర్డులో ఎవరో ఒకరు పెద్ద ఓడ పక్షం ఉండి తీరతారు. ఆఖరి అటెంప్టు. ఆ గదిలో ఆ అరగంట తేడాగా నడిస్తే ఈ పిల్ల మళ్ళీ బ్యాంకు కౌంటరు వెనక కూర్చోవాలి, ఇక ఎప్పటికీ అక్కడే. ఎక్కువమంది ఒప్పుకునే మాట చెప్పమన్నాను. నా మాట చెప్పమన్నాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని మాట మార్చలేదు.

కమాండర్ గారు అప్పటిదాకా టీ తాగుతూ కూర్చున్నారు. కప్పు కింద పెట్టి, నెమ్మదిగా అన్నారు.

“భాయీ సాబ్, కాక్‌పిట్ మే ఏక్ హీ సీట్ హై.”

విమానం నడిపే చోట సీటు ఒక్కటే, అందులో కూర్చునేది ఒక్కరే. ఆ రాత్రి భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, నాకు గుర్తు లేదు.

ఇంటర్వ్యూ రోజున షాజహాన్ రోడ్డులోని పరీక్షల ఆఫీసు దాకా ఎవరూ తోడు రావద్దంది. సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చింది. మెట్లెక్కుతుంటే ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. మంచినీళ్ళు తాగి చెప్పింది. అధ్యక్షుడు మొదటే హాబీ గడి చూసి, అయితే ఎన్ని ఓడలెక్కావమ్మా అని అడిగాట్ట. ఒక్కటీ ఎక్కలేదు సార్, క్యూలో నిలబడ్డాను, గేటు మూసేశారు అందిట. అందరూ నవ్వారట. తర్వాత, ఆ పరాయి దేశం ఓడ ఊరికే ఇస్తే తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకునే ముందు దాని మరమ్మతుకు ఎంతో, దాని విడిభాగాలు ఎవరి దగ్గర దొరుకుతాయో, మన మనుషులు దాన్ని నేర్చుకోవడానికి ఎన్నాళ్ళో రాసుకుని, అప్పుడు ఊరికేనో కాదో చూస్తానందిట. ఆ మాట వినగానే నా ఛాతీ ఎంత పెరిగిందో చెప్పలేను. అది నాది.

బాయిలర్ల గురించి ఏదో అడిగితే తెలీదు సార్ అందిట. ఆ ప్రశ్నేమిటో చెప్పించుకున్నాను. నాకూ తెలీదు. ఇంత అన్యాయమైన ప్రశ్న అడుగుతారా అని మండిపడ్డాను. ఇక, నేను భయపడ్డట్టే, పెద్ద ఓడ పక్షం సభ్యుడొకాయన ఉన్నాడు. రెండు చిన్నవన్న మాట విని, అది పిరికి ఎంపిక అన్నాట్ట.

“మరి నువ్వేమన్నావు?” అన్నాను.

“మా బాబాయిగారూ అదే అంటారు సార్, మేం రోజూ దెబ్బలాడుకుంటాం అన్నాను. రాడారు సంగతి మీరు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. డాకు సంగతి మాత్రం ఒప్పుకోనన్నాను.”

దేశంలో అంత పెద్ద పరీక్ష బోర్డు ముందు నా వాదం నిలబడి ఓడిపోయి వచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మా ఆవిడ మాత్రం, నా మిక్సీ గురించి చెప్పావా అని అడిగింది. చెప్పలేదట. ఆవిడకు అది కాస్త కష్టంగానే తోచింది.

ఫలితాల కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆ పిల్ల విశాఖ వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఫోను లేదు. కమాండర్ గారి నంబరే ఇచ్చాం. ఆ రోజుల్లో ఆయన ఫోను మోగితే చాలు, కింద ఇంట్లో నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి. ఎక్కువసార్లు వాళ్ళ అల్లుడు. ఒకనాటి మధ్యాహ్నం కరెంటు పోయి మెట్ల మీద గాలికి కూర్చుని ఉన్నాను. పైన ఫోను మోగింది. తలుపు తెరుచుకుంది. ఆయన కిందికి దిగలేదు, పైమెట్టు మీదనుంచే, బ్లాకంతా వినపడేట్టు, డెక్కు మీద గాలిలో అరిచినట్టు చెప్పారు.

“భాయీ సాబ్, లడ్‌కీ నే తార్ పకడ్ లీ.”

పిల్ల తీగ పట్టుకుంది. నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. లోపలికి వెళ్ళి మా ఆవిడకు చెబితే ఆవిడ దేవుడి దగ్గర దీపం వెలిగించి, తర్వాత తీరిగ్గా, ఏ ఉద్యోగం అని అడిగింది. అది నేను కనుక్కోనేలేదు. మళ్ళీ మెట్లెక్కి వెళ్ళి అడిగాను. పన్నుల శాఖ వైపు వచ్చిందట. కలెక్టరు కాదని మా ఆవిడ కొంచెం నిరాశపడింది. నాకు మాత్రం ఖర్చు చూసే బుద్ధి ఉన్నవాళ్ళు ఎక్కడున్నా మంచిదే అనిపించింది.

బ్యాంకుకు రాజీనామా ఇచ్చి, శిక్షణకు వెళ్తూ మా ఇంటికి వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం, భుజాన ఒక బరువైన సంచి. సంచి మా ఆవిడ ముందు పెట్టింది. విప్పి చూస్తే ముగ్గుపిండి. విశాఖ నుంచి బెర్తు కింద పెట్టుకుని తెచ్చింది. మా ఆవిడ కాస్త పిండి వేళ్ళ మధ్య రాసి చూసి, మా కాకినాడదంత మెత్తగా లేదు గాని పరవాలేదంది. ఆ మాట అంటూ ముఖం అటు తిప్పుకుంది.

తర్వాత నలుగురం మేడెక్కాం. వర్షాలు వెళ్ళిపోయాయి, ఓడ ఎక్కడా లేదు, గచ్చు కడిగినట్టుంది. దండేల మీద బట్టలు ఆరుతున్నాయి. కమాండర్ గారు ఎప్పటిలాగే గుమ్మంలో చెప్పులు విడిచి, వట్టి గచ్చు మీద ఏటవాలుగా నడుచుకుంటూ వెళ్ళి తీగల దగ్గర ఆగారు. ఇంకో ఓడ గీద్దామా అని ఆ పిల్ల మా ఆవిడను అడిగింది. ఈసారి రెండు చిన్నవి అంది.

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. రాడారు విమానం లేని ఓడ కళ్ళు మూసుకుని రోడ్డు దాటేవాడితో సమానం. గీస్తే పెద్దదే గీయాలి, క్యాటపుల్టుతో గీయాలి అన్నాను. ఆ పిల్ల డాకు సంగతి ఎత్తింది. కమాండర్ గారు పిట్టగోడ మీద కూర్చుని మా ఇద్దరికీ చెరో తప్పు చూపించడం మొదలుపెట్టారు. మా ఆవిడ కొత్త సంచి మూతి గట్టిగా కట్టి, ఈ పిండి సంక్రాంతికీ దీపావళికీ తప్ప ఏ యుద్ధానికీ ఇచ్చేది లేదని చెప్పి, ఆరిన బట్టలు తీసుకుని కిందికి దిగిపోయింది.